పాత విండోస్ కొత్త సిస్టమ్‌లోకి: ఫార్మాట్ కొట్టకుండా మారేదెలా, మధ్యలో ఆగేదెక్కడ

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల డీటీపీ షాపుల్లో టేబుల్ కిందికి వంగి చూస్తే, పదీ పన్నెండేళ్ల నాటి సీపీయూ ఒకటి ఇంకా నడుస్తూ కనిపిస్తుంది. ఫ్యాను గరగరమంటుంది. ఆన్ చేసి, బయటికెళ్లి టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ పూర్తిగా రాదు. అయినా ఓనరు దాన్ని వదలడు. పోయిన వేసవిలో, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు, అలాంటి షాపు నడిపే ఒకాయన నా దగ్గరికొచ్చాడు. కొత్త సిస్టమ్ అప్పటికే కొనేశాడు. డబ్బా విప్పకుండా రెండు నెలలుగా మూల పెట్టాడు.

"అన్నా, గీ పాతదాంట్ల నా పన్నెండేండ్ల పనుంది. పేజ్‌మేకర్ సీడీ యాడ పోయిందో ఎరుక లేదు. ఫార్మాట్ గొట్టి మల్ల అన్నీ ఎక్కియ్యాలంటే నేను ఆగమైత. ఇది ఉన్నదున్నట్టు అండ్లకు పోతదా?" అని అడిగాడు.

పోతుంది. ఎలా పోతుందో, ఎక్కడ మొండికేస్తుందో ఈ వ్యాసంలో విడమరిచి చెప్తాను. ఎందుకంటే ఈ పని చెడిపోయిన ప్రతిచోటా నేను చూసిన తప్పు ఒక్కటే. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం డిస్కులోనే ఉందనుకుంటారు. డిస్కు కాపీ అయితే పనైపోయినట్టే అనుకుంటారు. కానీ విండోస్‌కు సంబంధించిన కొన్ని సంగతులు డిస్కులో ఉండవు, పాత మదర్‌బోర్డులో ఉంటాయి. అవి కాపీకి లొంగవు.

ఇలా ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మారడాన్ని మైగ్రేషన్ అంటారు. దానికి తెలుగు మాట వలస. మా పాలమూరులో ఆ మాటకు అర్థం ఎవరికీ చెప్పక్కర్లేదు. మట్టిపనికి ముంబయి, పుణె వైపు వెళ్లే కుటుంబాలు గిన్నెలు, బట్టలు, బియ్యం మూటగట్టుకుని బస్సెక్కేవి. రేషన్ కార్డు, ఓటు ఊళ్లోనే ఉండిపోయేవి. కొత్త చోట మనిషి ఉంటాడు, సామాను ఉంటుంది, కానీ అక్కడి రికార్డుల్లో అతని పేరుండదు. కంప్యూటర్ మారినప్పుడు జరిగేదీ ఇదే. ఫైళ్లన్నీ వస్తాయి. కొత్త బోర్డు మాత్రం "నువ్వెవరు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోవడమే ఇందులో అసలు పని.

ఆయన భయం అర్థం కావాలంటే తెలుగు డీటీపీ పని కొంచెం తెలియాలి. ఈ షాపుల్లో ఇప్పటికీ చాలామంది పేజ్‌మేకర్ 7లోనే పేజీలు కడతారు. అడోబ్ దాన్ని 2001లో తెచ్చింది, ఆ తర్వాత ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. తెలుగు టైపింగ్ అనూ ఫాంట్లలో. అవి యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన కోడ్‌ల మీద తెలుగు ముక్కల్ని కూర్చిన ఫాంట్లు. అంటే ఫైల్‌లో నిజానికి తెలుగు ఉండదు, ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు వెర్షన్ మారితే ఒత్తులు ఊడిపోతాయి, గుణింతాలు పక్క అక్షరం మీదికి జరుగుతాయి. పన్నెండేళ్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు, స్కూలు సావనీర్లు అలా గీతలైపోతే ఆయన పని మళ్లీ మొదటికొస్తుంది. సీడీ లేదు, సీరియల్ నంబర్ రాసుకున్న కాగితం లేదు. అందుకే మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండా మార్చాలన్న కోరిక బద్ధకం కాదు, న్యాయమైన అవసరం.

కాపీ గురించి ముందు త్వరగా

డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీయడాన్ని క్లోనింగ్ అంటారు. దానికి సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. క్లోన్‌జిల్లా ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. కాకపోతే మామూలు పద్ధతిలో, కొత్త డిస్కు పాతదానికన్నా చిన్నదైతే ఒప్పుకోదు. ఎస్ఎస్‌డీలు, అంటే కొత్త రకం వేగమైన డిస్కులు, తయారు చేసే కంపెనీలు కొన్ని తమ డిస్కులతో పనిచేసే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తాయి. ఏది వాడినా సూత్రం ఒకటే. విండోస్ నడుస్తుండగా ఫైల్ మేనేజర్‌తో సీ డ్రైవ్‌ను లాగి పడేస్తే అది కాపీ కాదు. డిస్కును ఏ ముక్కలుగా (పార్టిషన్లుగా) విడదీశారో చెప్పే పట్టిక, దాచిన పార్టిషన్లు, ఫైళ్ల పర్మిషన్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రావాలి.

కాపీకి ముందు మూడు పనులు చేయాలి. డిస్కు ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్ల (పాడైపోయి పక్కన పెట్టిన చోట్ల) లెక్క పెరుగుతూ ఉంటే క్లోనింగ్ మాట పక్కనపెట్టి ముందు డేటా బయటికి తీయాలి. రెండోది, చెక్‌డిస్క్ నడిపి ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేయాలి. మూడోది హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ ఆపడం. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా మూతపడదు. తన కెర్నల్ (విండోస్ గుండెకాయ) స్థితిని, హార్డ్‌వేర్‌తో మాట్లాడే డ్రైవర్ల స్థితిని డిస్కు మీద దాచుకుని పడుకుంటుంది. పాత బోర్డు జ్ఞాపకాలతో కొత్త బోర్డు మీద లేస్తే గందరగోళమే.

టైమ్ ఎంత పడుతుందని అందరూ అడుగుతారు. ఆయన సీ డ్రైవ్‌లో 180 జీబీ ఉంది. పాత హార్డ్‌డిస్కు సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే అరగంట. అదే యూఎస్‌బీ 2 పోర్టుకు తగిలిస్తే గంటన్నర దాటుతుంది. మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది కాబట్టి యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంకొక్క మాట. ఏది సోర్సు, ఏది టార్గెట్ అన్నది తెర మీద చూసి కాదు, డిస్కు మీది సీరియల్ నంబర్ చూసి నిర్ధారించుకోవాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండు డిస్కులు పెట్టి, ఖాళీ డిస్కును నిండు డిస్కు మీదికి కాపీ పెట్టాను. పది సెకన్లకే గమనించి ఆపాను, అప్పటికే పార్టిషన్ల పట్టిక పోయింది. ఆ డేటా తిరిగి తీయడానికి రెండు రాత్రులు పట్టింది. అప్పటినుంచి చివరి నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోకుండా స్టార్ట్ బటన్ నొక్కను.

కొత్త బోర్డు దాన్ని ఎందుకు లేపదు

కాపీ పూర్తయింది. డిస్కు కొత్త సిస్టమ్‌లో పెట్టారు. స్విచ్ వేశారు. నల్లటి తెర మీద "బూటబుల్ డివైస్ లేదు" అని వస్తుంది. ఎక్కువమంది ఇక్కడే "కాపీ సరిగ్గా కాలేదు" అని మళ్లీ మొదలుపెడతారు. కాపీ బాగానే అయింది. లేపే పద్ధతే మారిపోయింది.

స్విచ్ వేయగానే విండోస్‌ను లేపే పని మదర్‌బోర్డులోని ఒక చిన్న ప్రోగ్రామ్‌ది. పాత బోర్డుల్లో అది బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ. పాత బయోస్‌కు తెలిసింది ఒక్కటే. డిస్కులో మొట్టమొదటి సెక్టార్ చదవడం, అందులో ఉన్న కోడ్ నడపడం. 512 బైట్ల ఆ ముక్కలోనే పార్టిషన్ల పట్టిక కూడా ఇరుక్కుని ఉంటుంది. దీన్నే ఎంబీఆర్ అంటారు. ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించి పట్టవు. సుమారు 2 టీబీ దాటిన చోటును అది చూడలేదు.

యూఈఎఫ్‌ఐ దారి వేరు. డిస్కుకు జీపీటీ అనే కొత్త పట్టిక ఉంటుంది. దాంట్లో ఎఫ్ఏటీ32తో ఫార్మాట్ చేసిన చిన్న పార్టిషన్ ఒకటి ఉంటుంది. విండోస్‌ను లేపే ఫైల్ అందులో మామూలు ఫైల్‌లాగే కూర్చుంటుంది. ఏ డిస్కులో ఏ ఫైల్‌ను నడపాలో మదర్‌బోర్డు తన సొంత చిప్‌లో రాసుకుంటుంది. ఆ రాత డిస్కులో ఉండదు కాబట్టి క్లోనింగ్‌లో రాదు. అదృష్టవశాత్తూ యూఈఎఫ్‌ఐ తయారు చేసినవాళ్లు దీన్ని ముందే ఊహించారు. తన చిప్‌లో ఏమీ రాసి లేకపోతే, ఆ చిన్న పార్టిషన్‌లో "బూట్" అనే ఫోల్డర్‌లో ఒక నిర్ణీత పేరున్న ఫైల్ కోసం బోర్డు వెతుకుతుంది. విండోస్ తన లేపే ఫైల్‌కు ఒక నకలు అక్కడా పెట్టుకుంటుంది. కాబట్టి యూఈఎఫ్‌ఐ నుంచి యూఈఎఫ్‌ఐకి మారితే చాలాసార్లు ఏ తంటా లేకుండా లేస్తుంది. లేవకపోతే విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీబూట్ అనే కమాండ్ ఇస్తే ఆ ఫైళ్లను మళ్లీ రాస్తుంది.

చిక్కంతా పాత బయోస్ నుంచి యూఈఎఫ్‌ఐకి మారేవాళ్లది. లెగసీ బూటింగ్‌కు, అంటే పాత బయోస్ పద్ధతిలో లేపడానికి, మద్దతు ఆపేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. ఇప్పుడు దొరికే బోర్డుల్లో చాలావాటికి ఆ దారి మూసేసే ఉంది. మీది ఏ రకమో తెలుసుకోవడం తేలిక. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, బయోస్ మోడ్ అన్నచోట చూడండి. లెగసీ అని ఉంటే ఈ కింది రెండు పేరాలు మీకోసమే.

విండోస్ 10లో 2017 నుంచి ఎంబీఆర్‌టూజీపీటీ అనే పనిముట్టు ఉంది. డేటా చెరపకుండా పట్టికను మార్చి, లేపే పార్టిషన్‌ను సృష్టిస్తుంది. దానికి కొన్ని షరతులున్నాయి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు. ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, దాని లోపల మళ్లీ చేసే లాజికల్ పార్టిషన్లు అసలు ఉండకూడదు. ఈ రెండో షరతు దగ్గరే మన సిస్టమ్‌లు ఆగిపోతాయి. సిస్టమ్ కొన్న రోజే "సీ విండోస్‌కు, డీ డేటాకు, ఈ సినిమాలకు, ఎఫ్ బ్యాకప్‌కు" అని నాలుగు ముక్కలు చేసి ఇవ్వడం మన షాపులకు అలవాటు. వాటిలో వెనక ముక్కలు దాదాపు ఎప్పుడూ లాజికల్‌వే. ఆ డిస్కు మీద పనిముట్టు నడిపితే వాలిడేషన్ ఫెయిల్ అని వెనక్కి పంపేస్తుంది.

అందుకని నేను అసలు డిస్కును ముట్టుకోను. సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే చిన్న పార్టిషన్, సీ డ్రైవ్, ఈ రెండింటినే కొత్త ఎస్ఎస్‌డీ మీదికి కాపీ తీస్తాను. అప్పుడు కొత్త డిస్కులో లాజికల్ ముక్కలే ఉండవు. ఆ తర్వాత పాత డిస్కు ఊడదీసి పక్కన పెట్టి, కొత్త సిస్టమ్‌లో విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కి కమాండ్ ప్రాంప్ట్‌లోంచి మార్పిడి నడుపుతాను. తప్పు జరిగినా నకలుకే జరుగుతుంది. డీ, ఈ డ్రైవ్‌ల డేటాను తర్వాత తీరిగ్గా మామూలు కాపీతో తెచ్చుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. కొత్త దాంట్లో డ్రైవ్ అక్షరాలు పాతవే ఇవ్వాలి. పేజ్‌మేకర్ ఫైల్‌లోని ఫొటో డీ డ్రైవ్‌లో ఉందని రాసుకుని ఉంటుంది. అక్కడ లేకపోతే లింక్ తెగిపోయిందని అడుగుతుంది.

రెండు డిస్కులూ తగిలించి మొదటిసారి బూట్ చేయొద్దని గట్టిగా చెప్తాను. క్లోన్ చేసిన డిస్కులకు ఒకే గుర్తింపు సంఖ్య ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. లేదా పాతదాంట్లోంచి లేచి, కొత్తదాంట్లోంచి లేచినట్టు కనిపిస్తుంది. ఒక షాపులో రెండు రోజులు పనిచేశాక తెలిసింది, పనంతా పాత డిస్కులోకే పోతోందని.

నీలి తెర

లేపే ఫైల్ దొరికింది, విండోస్ గుర్తు కనిపించింది, గుండ్రంగా చుక్కలు తిరిగాయి. వెంటనే నీలి తెర వచ్చి "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంది. ఈ తెర చూసి టెన్షన్ పడని మెకానిక్ ఉండడు. అసలు సంగతి తెలిస్తే అంత భయం అక్కర్లేదు.

విండోస్ లేచే మొదటి క్షణాల్లో, డిస్కును చదవడానికి కావలసిన డ్రైవర్ అప్పటికే జ్ఞాపకంలోకి వచ్చి ఉండాలి. ఆ డ్రైవర్ డిస్కులోనే ఉంది, కానీ డిస్కు చదవాలంటే ముందు డ్రైవరే కావాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి బయట తాళం వేసినట్టు. అందుకే ఏ స్టోరేజ్ డ్రైవర్లను అందరికన్నా ముందు పిలవాలో విండోస్ ఒక జాబితా పెట్టుకుంటుంది. పాత సిస్టమ్‌లో ఉన్నది సాటా కేబుల్‌తో తగిలించే డిస్కు. కొత్తవాటిలో తరచుగా ఉండేది ఎన్‌వీఎంఈ, అంటే వేరే దారిలో మాట్లాడే వేగమైన ఎస్ఎస్‌డీ. పాత విండోస్ దాన్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి దాని డ్రైవర్‌ను ఆ ముందు వరుసలోంచి తప్పించి ఉంటుంది. డ్రైవర్ లేదని కాదు. విండోస్ 8.1 నుంచి ఎన్‌వీఎంఈ డ్రైవర్ విండోస్‌తోనే వస్తుంది. దాన్ని పిలవలేదు, అంతే.

దీనికి మందు సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌లో లేచేటప్పుడు విండోస్ ఆ జాబితాను పట్టించుకోకుండా తన దగ్గరున్న బూట్ స్టోరేజ్ డ్రైవర్లనన్నిటినీ పిలుస్తుంది. ఏది సరిపోయిందో చూసుకుని దాన్ని జాబితాలో ముందుకు తెస్తుంది. ఆ తర్వాత మామూలుగా లేస్తుంది. పాత సిస్టమ్‌లో ఉండగానే "తర్వాతిసారి సేఫ్ మోడ్‌లో లే" అని బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో చెప్పి, అప్పుడు క్లోన్ తీస్తే ఇంకా మంచిది. పని అయ్యాక ఆ గుర్తు తీసేయడం మరిచిపోతే ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది. ఇంకో జాగ్రత్త. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు. అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో పాత సిస్టమ్‌లో ఉండగానే ఒకసారి కొట్టి చూడమంటాను. "పాస్‌వర్డా? పెట్టిన యాదే లేదు సార్" అనేవాళ్లే ఎక్కువ.

కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో, 11వ తరం నుంచి, వీఎండీ అనే సెట్టింగ్ ఒకటి ఇలాంటి తంటాయే పెడుతుంది. అది ఆన్‌లో ఉంటే డిస్కు ఇంటెల్ సొంత కంట్రోలర్ వెనక దాక్కుంటుంది. ఆ డ్రైవర్ లేని విండోస్‌కు డిస్కే కనబడదు. బోర్డు సెట్టింగ్స్‌లో దాన్ని ఆఫ్ చేయడమో, ముందే డ్రైవర్ ఎక్కించడమో చేయాలి.

ఎక్స్‌పీ రోజుల్లో ఇంత సులువుగా ఉండేది కాదు. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు మారితే ప్రాసెసర్‌తో మాట్లాడే పొరే సరిపోక ఆగిపోయేది. విండోస్ విస్టా నుంచి ఆ పొరను లేచేటప్పుడే చూసుకుని ఎంచుకునేలా మార్చారు. ఇప్పుడు ఇంటెల్ నుంచి ఏఎమ్‌డీకి మారినా విండోస్ 10 "గెటింగ్ డివైసెస్ రెడీ" అంటూ ఓ రెండు నిమిషాలు తంటాలు పడి లేచేస్తుంది. ఈ పని ఫార్మాట్ కొట్టకుండా అవుతుందని నేను ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే.

లైసెన్సు, తాళం

విండోస్ లేచింది. పాత డెస్క్‌టాప్, పాత ఐకాన్లు, అమ్మవారి వాల్‌పేపర్ కూడా అలాగే ఉంది. కుడివైపు కింద మాత్రం "యాక్టివేట్ విండోస్" అని వచ్చింది.

విండోస్ లైసెన్సు ముఖ్యంగా రెండు రకాలు. సిస్టమ్‌తో కలిపి అమ్మేది ఓఈఎమ్. అది ఆ మదర్‌బోర్డుకే చెందుతుంది, బోర్డుతోపాటే ముగుస్తుంది. విండోస్ 8 నుంచి కంపెనీ సిస్టమ్‌లలో ఆ కీని బోర్డు చిప్‌లోనే రాసి పంపుతున్నారు. విడిగా కొన్నది రీటెయిల్. దాన్ని ఒక సిస్టమ్ నుంచి తీసి ఇంకోదానికి మార్చుకోవచ్చు. మీది ఏదో తెలియాలంటే ఎస్ఎల్ఎంజీఆర్ అనే కమాండ్‌కు డీఎల్ఐ అని జోడించి ఇస్తే ఒక చిన్న పెట్టె వస్తుంది, అందులో ఛానల్ పేరు ఉంటుంది. రీటెయిల్ అయితే ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముడిపెట్టుకోవాలి. కొత్త సిస్టమ్‌లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ తెరిచి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానని చెప్తే సరిపోతుంది.

ఈ డీటీపీ ఆయనది ఓఈఎమ్. పాత సిస్టమ్ కొన్నప్పుడు విండోస్ 7తో వచ్చింది, తర్వాత 10కి ఎక్కించారు. పాత 7, 8 కీలతో కొత్తగా యాక్టివేట్ చేసే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. కాబట్టి కొత్త కీ కొనాల్సి వచ్చింది. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, కొత్త కీ కొనడమంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం కాదు. సెట్టింగ్స్‌లో కీ మార్చితే చాలు. ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫైళ్లు దేన్నీ అది ముట్టుకోదు.

ఎక్కడో దొరికిన క్రాక్‌తో యాక్టివేట్ చేసిన విండోస్ అయితే, దాన్ని మార్చడానికి నేను ఒప్పుకోను. అందులో ఇంకేం కూర్చుని ఉందో ఎవరికీ తెలియదు. దాంతోపాటు అదీ కొత్త సిస్టమ్‌లోకి వస్తుంది. అదే సిస్టమ్‌లో జీఎస్‌టీ లాగిన్, బ్యాంకు లాగిన్ ఉంటాయి.

తాళం గురించి చెప్పాలి. డిస్కులో ఉన్నదంతా ఇతరులు చదవలేకుండా తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్. అది ఆన్‌లో ఉన్న డిస్కు తాళంచెవి పాత బోర్డులోని టీపీఎమ్ అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. డిస్కు కొత్త బోర్డు మీదికి రాగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా మీ చేతిలో ఉన్నా లేనట్టే, ఏ మెకానిక్కూ తీయలేడు. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఇది ఆన్‌లో ఉంటుంది. మార్చేముందు తాళం పూర్తిగా తీసేయడం, లేదా సస్పెండ్ చేసి రికవరీ కీ కాగితం మీద రాసుకోవడం తప్పనిసరి. విండోస్ పిన్, వేలిముద్ర కూడా ఆ చిప్‌కే కట్టుబడి ఉంటాయి. కొత్త చోట మళ్లీ పెట్టుకోవాలి.

లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ వాడేవాళ్లు పాత సిస్టమ్‌లో ఉండగానే లైసెన్సు సరెండర్ చేయాలి. పాతది ఆపేశాక గుర్తొస్తే ఫోన్ల చుట్టూ తిరగాలి. టెండర్లకు వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది కాబట్టి దానికేం కాదు, డ్రైవర్ ఉంటే చాలు.

చిన్న విషయాలు

మార్పిడి అయిపోయిందనుకున్నాక బయటపడేవి ఇవి. జడ్చర్ల వైపు ఒక జిన్నింగ్ మిల్లులో వేబ్రిడ్జి సిస్టమ్ ఇలాగే మార్చాను. విండోస్ లేచింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, ప్రింటర్ పనిచేసింది. పత్తి బండి కాంటా మీదికెక్కింది. తెర మీద బరువు సున్నా. డ్రైవరు కిందికి దిగి కాంటా వైపు చూస్తున్నాడు, వెనక ఇంకో నాలుగు బండ్లు లైన్‌లో ఉన్నాయి. కాంటా నుంచి వచ్చే సీరియల్ కేబుల్ యూఎస్‌బీ కన్వర్టర్‌తో తగిలించి ఉంది. పాత సిస్టమ్‌లో ఆ పోర్టు నంబర్ కామ్ 3. కొత్త యూఎస్‌బీ పోర్టులో పెట్టగానే విండోస్ దాన్ని కొత్త వస్తువు అనుకుని కామ్ 5 ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇంకా 3 దగ్గరే వింటోంది. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూకి వెళ్లి, దాచిన పరికరాలు చూపించమంటే, ఇప్పుడు లేని పాత కన్వర్టర్ రంగు వెలిసిన ఐకాన్‌తో కామ్ 3ని ఇంకా పట్టుకుని కనిపించింది. దాన్ని తీసేసి, కొత్తదానికి 3 ఇచ్చాక అంకెలు కదిలాయి.

నెట్‌వర్క్ కార్డు విషయంలోనూ ఇంతే. స్థిర ఐపీ అడ్రస్ పాత కార్డు పేరు మీదే ఉండిపోతుంది. కొత్త కార్డుకు అదే అడ్రస్ ఇస్తే ఇంకో అడాప్టర్ వాడుతోందని విండోస్ హెచ్చరిస్తుంది. ఆ వెలిసిన ఐకాన్లను ఒక్కసారి శుభ్రం చేసుకుంటే తర్వాత నెలల తరబడి తలనొప్పి ఉండదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాదికి, 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. పాత సిస్టమ్‌కు టీపీఎమ్ 2.0 లేక, ప్రాసెసర్ పాతదై విండోస్ 11 ఎక్కలేదు. కొత్తదానికి ఆ అడ్డంకి లేదు. అయితే వరుస ముఖ్యం. ముందు విండోస్ 10ని కొత్త సిస్టమ్‌లోకి తెచ్చి, వారం రోజులు వాడి, అన్నీ కుదిరాక 11కి అప్‌గ్రేడ్ చేయాలి. రెండూ ఒకేసారి చేస్తే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టం.

లైనక్స్ వాడేవాళ్లకు ఈ కష్టాలు చాలామటుకు ఉండవు. డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి, లైసెన్సు గొడవ లేదు. నా సొంత ఉబుంటు డిస్కును పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పెడితే నేరుగా లేచింది. నెట్‌వర్క్ కార్డు పేరు మారడం వల్ల స్థిర ఐపీ ఒక్కటి సరిచేయాల్సి వచ్చింది.

ఒక సందర్భంలో మాత్రం మార్చే ప్రయత్నమే వద్దంటాను. పాతది 32-బిట్ విండోస్ అయి, కొత్త బోర్డుకు లెగసీ బూటింగ్ లేకపోతే అది లేవదు. 32-బిట్‌ను 64-బిట్‌గా అప్‌గ్రేడ్ చేసే దారీ లేదు. అలాంటప్పుడు డిస్క్‌టూవీహెచ్‌డీ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో పాత సిస్టమ్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా మార్చి, కొత్త సిస్టమ్‌లో వర్చువల్ మెషీన్‌గా నడుపుకోవచ్చు. కొత్త విండోస్‌లో ఒక కిటికీలో పాత విండోస్, దాంట్లో పాత పేజ్‌మేకర్. ఇంటర్నెట్ దానికి ఇవ్వకుండా ఉంటే చాలు. పత్రిక కట్టడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు కదా.

డీటీపీ ఆయన సిస్టమ్ పని మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే రాత్రి ఎనిమిదిన్నరకు అయింది. కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టి, అన్నిటికన్నా పాత ఫైల్ తెరవమన్నాను. 2013 నాటి పెళ్లిపత్రిక ఒకటి వెతికి తెరిచాడు. పైన గణపతి బొమ్మ, కింద ఆహ్వానం. ఆయన వేలు పెట్టి ఒక్కో పంక్తీ చూసుకుంటూ కిందికి వచ్చాడు. "శ్రీరస్తు"లో రావత్తు, "కళ్యాణ మహోత్సవం"లో యావత్తు, ఊరి పేరు కింద మండలం పేరు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ప్రింట్ కొట్టి పాత కార్డు పక్కన పెట్టి చూశాడు. పంక్తులు ఎక్కడా విరగలేదు.

పాత డిస్కును యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, పైన తేదీ రాసి ఆయన చేతికిచ్చాను. మూడు నెలలు దాన్ని దేనికీ తగిలించొద్దని, ఫార్మాట్ చేయొద్దని చెప్పాను. గల్లాపెట్టెలో, రసీదు పుస్తకాల కింద పెట్టుకున్నాడు.